వహ్దాన్ ఇంజన్ ఆపడు

ఆ రెండేళ్లూ తెల్లవారగానే వహ్దాన్ చేసే మొదటి పని ఒక గుడ్డను తడపడం. అది కాళ్లదాకా ఉండే అతని పాత గలబియ్యా అంచు చించి తీసిన నూలు గుడ్డ. కుళాయి కింద పట్టి, పిండకుండానే వాకిట్లోకి తెచ్చి, బండి బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కనున్న పెట్రోలు పంపుకు చుట్టేవాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద పట్టీ వేసినట్టు నెమ్మదిగా, మడతలు సరిచేసి మరీ చుట్టేవాడు. ఆ తరువాతే మొహం కడుక్కునేవాడు.

బండి ఏడుగురు పట్టే పొడుగాటి పాత కారు. ఫయ్యూమ్ నుంచి బనీ సువైఫ్‌కు, అక్కణ్ణుంచి మళ్లీ ఫయ్యూమ్‌కు జనాన్ని చేరవేయడం అతని పని. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా అదే దారి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అందుకునేది. ఒక ట్రిప్పు తిరిగి వేడెక్కాక ఆపితే మాత్రం మళ్లీ లేవడానికి మొరాయించేది. వేడికి పెట్రోలు పైపులోనే మరిగిపోతోందని స్టాండులో అందరూ తేల్చారు. ఆ దారిలో ఎండాకాలం ప్రతి రెండో బండికీ తడిగుడ్డ ఉండేది. అందుకని వహ్దాన్ పంపు మార్పించాడు, పైపు మార్పించాడు, ఎవరో చెబితే పైపు పొడవునా బట్టల క్లిప్పులు పెట్టాడు. ఏమీ లాభం లేకపోయేసరికి ఇక ఇంజన్ ఆపడమే మానేశాడు.

పొద్దున ఆరింటికి మోగిన ఇంజన్ పొద్దుగూకి ఇంటికి చేరాకే ఆగేది. పెట్రోలు బంకులో ఇంజన్ ఆపమంటారని, చల్లగా ఉన్నప్పుడే ట్యాంకు నింపుకునేవాడు. నమాజు బండి పక్కనే, ఒక చెవి ఇంజన్ వైపు పెట్టి. కాలకృత్యాలకు పోవాలంటే పక్క డ్రైవర్‌ని బతిమాలుకోవాలి. మధ్యాహ్నం బనీ సువైఫ్‌లో తన వంతు వచ్చేదాకా మిగతా డ్రైవర్లు సీట్లు వాల్చుకుని గురకలు పెడుతుంటే, అతను స్టీరింగ్ ముందు కూర్చుని, ఎక్కడ ఆగిపోతుందోనని యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి ఉంచేవాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాలు అది. సాయంత్రానికి బరువెక్కి అతనిది కానట్టుండేది.

స్టాండు పెద్ద హజ్జ్ మిత్వల్లీ చేతిలో ఎప్పుడూ ఒక రెల్లు కర్ర ఉండేది. ఏడో మనిషి ఎక్కగానే దాంతో బండి టాపు మీద తడతాడు. తట్టాక బండి కదలాలి, వెనక బండి ముందుకు రావాలి. కదలకపోతే ఎక్కినవాళ్లంతా దిగి తోస్తారు. రెండో ఏడు ఎండాకాలం ఒక్క నెలలోనే వహ్దాన్ బండి వేడిమీద తనంతట తానే రెండుసార్లు ఆగిపోయి రెండుసార్లు తోయించుకుంది.

"ఏం ఉస్తా, నీ బండి కొత్త పెళ్లికూతురా? బతిమాలి వెనకనుంచి నెడితే గాని గడప దాటదా?" అని తోటి డ్రైవర్లు నవ్వారు. పనిలో ఆరితేరినవాణ్ణి అక్కడ ఉస్తా అంటారు.

హజ్జ్ నవ్వలేదు. "చూడు వహ్దాన్, నీకూ నాకూ ముప్ఫయ్యేళ్ల ఎరుక. కానీ మూడోసారి జనం చేత తోయించావంటే, నీ పేరు ఈ వరసలోంచి తీసి కాలవగట్టు ఊళ్ల దారిలో రాస్తాను. నన్ను తిట్టుకోకు" అన్నాడు.

కాలవగట్టు దారంటే గుంతలు, దుమ్ము, అడుగడుక్కీ బ్రేకు. ఆ దారిలో అతని బండి ఒక చలికాలం కూడా తట్టుకోదు. మోకాళ్లు అంతకూడా తట్టుకోవు. వహ్దాన్ తల ఊపి, వెళ్లి గుడ్డ మీద ఇంకో సీసా నీళ్లు పోశాడు.

జూలైలో ఒక మిట్టమధ్యాహ్నం, సగం దారిలో, పోలీసు తనిఖీ దగ్గర కుర్ర ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఇంజన్ ఆపి కాగితాలు పట్టుకురా."

"అయ్యా, కాగితాలు ఇవిగో. ఇంజన్ మాత్రం..."

"ఆపమన్నానా?"

వహ్దాన్ ఆపాడు. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో వెనక సీట్లో బాతుల అరుపు వినబడింది. కూతురు ప్రసవించిందని, బాలింతకు పెట్టడానికి రెండు బాతులను బుట్టలో పెట్టుకుని బయల్దేరిన ఉమ్ రషాద్ అనే లావుపాటి ఆవిడ వాటిని కసిరింది. కాగితాలు చూడడం రెండు నిమిషాల్లో అయిపోయింది. తిరిగొచ్చి తాళం తిప్పితే ఇంజన్ ఊఁ అని మూలిగింది. ఇంకోసారి తిప్పితే ఆ మూలుగు కూడా సగంలో ఆగింది.

"దిగి తోద్దామా?" అన్నాడు ఎవరో వెనకనుంచి.

"వద్దు! దండం పెడతాను, ఎవరూ తోయొద్దు" అంటూ వహ్దాన్ నీళ్ల సీసా తీసుకుని బానెట్ దగ్గరికి పరుగెత్తినంత పని చేశాడు.

ముందు సీట్లోంచి ఒక ముసలాయన దిగి వెనకాలే వచ్చాడు. పేరు గిర్గిస్. బనీ సువైఫ్‌లో నలభై ఏళ్లుగా సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేస్తున్నాడు. ఫయ్యూమ్‌లో చెల్లెలిని చూసి తిరిగి వెళ్తున్నాడు.

"ఆ నీళ్లు పోయకు ఉస్తా. ఆ గుడ్డ ఎన్నాళ్లనుంచి కడుతున్నావు?"

"రెండేళ్లు."

"గుణం కనిపించిందా?"

"నీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఆగితే అందుకుంటుంది."

"నీళ్లు పోయకుండా ఇరవై నిమిషాలు ఆగి చూశావా ఎప్పుడైనా?"

వహ్దాన్ నీళ్ల సీసా కింద పెట్టాడు.

కిటికీలోంచి ఉమ్ రషాద్ పకపకా నవ్వింది. "మా ఆయనా అంతే అన్నయ్యా! తలనొప్పి వస్తే తాయెత్తు కట్టుకుని పడుకునేవాడు. నిద్ర లేచేసరికి తగ్గేది. పుణ్యం తాయెత్తుకి పోయేది."

గిర్గిస్ హెడ్‌లైట్లు వెయ్యమన్నాడు. అంత ఎండలోనూ అరచెయ్యి అడ్డం పెట్టి వాటి వెలుగు చూస్తూ, "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు" అన్నాడు. తాళం తిప్పగానే లైట్లు నూనె అయిపోయిన దీపాల్లా కుంగిపోయాయి.

"చూశావా? పెట్రోలు రాకపోతే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు, అంతే. ఇదేమో తిరగడానికే ఏడుస్తోంది. బ్యాటరీలో ఉన్నదంతా తాగేస్తోంది. నీ బండికి దాహం కాదు ఉస్తా, కాళ్లనొప్పులు. వేడిమీద ఇలాగే మూలుగుతుందా ఎప్పుడూ?"

"ఏమో. ఆపితే కదా వినడానికి."

గిర్గిస్ వంగి, పొగగొట్టానికీ సెల్ఫ్ మోటారుకీ మధ్య చెయ్యి పోనిచ్చి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. వేలు ఊదుకుంటూ రెండు ఖాళీ బోల్టు రంధ్రాలు చూపించాడు. "పొగగొట్టం సెగ మోటారుకు తగలకుండా ఇక్కడొక రేకు ఉండాలి. మోటారు రోజంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉంది పాపం. రేకు ఏది?"

అది ఎక్కడుందో వహ్దాన్‌కు తెలుసు. రెండేళ్ల కిందట గడగడమని చప్పుడు చేస్తుంటే, పెళ్లి డోలు కట్టుకు తిరుగుతున్నాడని జనం ఎగతాళి చేస్తుంటే, తనే బోల్టులు విప్పి తీశాడు. పారేయడం ఎందుకని ఇంటికి తీసుకెళ్లాడు.

"పోయింది" అన్నాడు నేల చూస్తూ.

గుడ్డ తడపకుండా అందరూ ఆగారు. ఇద్దరు విసుక్కుని అటుగా వచ్చిన వేరే బండి ఎక్కి పోయారు. "నా బాతులకేం తొందర లేదు" అని ఉమ్ రషాద్ కదల్లేదు. ఇరవై అయిదు నిమిషాలకు గిర్గిస్ తలూపితే వహ్దాన్ తాళం తిప్పాడు. మూలిగి, మూలిగి, అందుకుంది. రెండేళ్లు నీళ్లు మోసిన తన చేతులను అతను స్టీరింగ్ మీద చూసుకున్నాడు. కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కొంత ఓపిక ఉండాలి కదా.

ఆ మధ్యాహ్నమే గిర్గిస్ తన కొట్టు ముందు మోటారు ఊడదీసి, అరిగిన కార్బన్లు, బుష్‌లు మార్చాడు. "ఇది సగం వైద్యమే. రేకు పెట్టకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇదే మూలుగు" అన్నాడు.

ఫయ్యూమ్ చేరేసరికి సంగతి ముందే చేరింది. దారిలో దిగిపోయినవాళ్లు చెప్పగా విని, ముందుగా తిరిగొచ్చిన డ్రైవర్లు మాట అందించారు. హజ్జ్ రెల్లు కర్ర చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తోశారా?"

"తోయలేదు హజ్జ్. చల్లారింది, లేచింది."

"రేపు మధ్యాహ్నం నా కళ్లముందు ఆపుతావు. నేనొక గ్లాసు టీ తాగుతాను. ఆ తరువాత లేస్తే సరే. లేవకపోతే కాలవగట్టు."

ఇంటికి వెళ్లేసరికి భార్య రతీబా పొయ్యి దగ్గర ఉంది. మంట మీద రేకు, రేకు మీద రొట్టెలు. రెండేళ్లుగా ఆ ఇంట్లో రొట్టె దానిమీదే వెచ్చబడుతోంది. వహ్దాన్ గుమ్మంలోనే నిలబడి దాన్నే చూశాడు.

"ఏం సమీహా నాన్నా, రొట్టెను ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నావు?"

"ఆ రేకు కావాలి."

సంగతంతా విని ఆమె చేతిలోని రొట్టె కింద పెట్టింది. "అయితే బండి జబ్బు రెండేళ్లుగా నా పొయ్యి మీదుందా? రోజూ దానిమీది రొట్టె తింటూ, రోజూ నా కుళాయి నీళ్లు మోసుకుపోయావా?"

"ఊఁ."

"నాకు చెప్పి ఉంటే నేనే అనేదాన్ని."

"ఏమని?"

"తీసిన వస్తువు తీసినచోట పెట్టమని. సమీహాకి అయిదేళ్లప్పుడే నేర్పాను."

వహ్దాన్‌కు నవ్వొచ్చింది గాని బయటికి రాలేదు. రొట్టెలు తిన్నాక ఆమె రేకును బూడిదతో తోమి, తుడిచి ఇచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది. తెల్లవారాక అతను మోకాళ్లు నేలకానించి దాన్ని బిగించాడు. గడగడమనకుండా బోల్టుల కింద తోలు ముక్కలు పెట్టాడు. రెండేళ్ల కిందటే ఈ తోలు ముక్కలు పెట్టి ఉంటే పావుగంటలో తీరిపోయేది.

మధ్యాహ్నం బనీ సువైఫ్ నుంచి తిరిగొచ్చి, ఏడుగురు ఎక్కి కూర్చున్నాక, స్టాండంతా చూస్తుండగా ఇంజన్ ఆపాడు. హజ్జ్ టీ తెప్పించుకున్నాడు. గుక్కకీ గుక్కకీ మధ్య ఊదుకుంటూ తీరిగ్గా తాగాడు.

"హజ్జ్, ఇంకో గ్లాసు తాగు, పెళ్లికూతురు ముస్తాబవుతోంది!" అని ఎవరో అరిచారు. తోయడానికి ఇద్దరు అప్పటికే గలబియ్యాలు ఎగదోపుకున్నారు. వహ్దాన్ అరచేతులు తొడలకు తుడుచుకున్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లూ ఆ తాళం చివర వేలాడుతున్నాయి.

హజ్జ్ గ్లాసు బోర్లించాడు. "తిప్పు."

ఒక మూలుగు. ఒక క్షణం ఏమీ లేదు. ఆ తరువాత గిరగిరా తిరిగి ఇంజన్ అందుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎగదోపుకున్నవాళ్లు గలబియ్యాలు దించుకున్నారు. హజ్జ్ కర్రతో టాపు మీద రెండు దెబ్బలు తట్టి, "కదులు, వెనక బండికి చోటివ్వు" అన్నాడు.

మొదటి వారం ఇంజన్ ఆపితే వహ్దాన్‌కు కునుకు పట్టలేదు. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి తాళం తడుముకునేవాడు. రతీబా మాత్రం ఆ నూలు గుడ్డను ఉతికి, పొయ్యి తుడుచుకోవడానికి పెట్టుకుంది.

ఇప్పుడు వహ్దాన్‌కు అరవై ఒకటి. అదే దారి, అదే బండి. రోజూ మధ్యాహ్నం బనీ సువైఫ్ స్టాండులో ఇంజన్ ఆపి, వెనక సీటులో మోకాళ్లు ముడుచుకుని, తన వంతు వచ్చిందని ఎవరో ఒకరు అద్దం మీద తట్టేదాకా పడుకుంటాడు.