కుడిచెయ్యి కట్టి నేర్పిన ఆట

నర్సీపట్నంలో ఆడపిల్లలకు నేను బాస్కెట్‌బాల్ నేర్పిన కోర్టులో రింగు పది అడుగులకు ఒకటిన్నర అంగుళాలు తక్కువ ఉండేది. స్తంభం పైకెత్తించి, కొత్తగా సిమెంటు పోయించాకే పిల్లల్ని బంతి ముట్టుకోనిచ్చాను. 1996 వానాకాలం అది.

మొదట నేర్పింది ఎడమచేత్తో డ్రిబ్లింగ్. కుడిచేతిని చున్నీతో నడుము వెనక్కి కట్టేసేదాన్ని. ఎడమచేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని పెరిగిన పిల్లలు. ఆ చేతికి బంతి వస్తే ఎంగిలి తగిలినట్టు వదిలేసేవారు.

మాకవరపాలెం వైపు చెరకు రైతు కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, కట్టించుకుంటూ నవ్వింది.

“మాయమ్మ ఎడంసెయ్యి కట్టీసీది మేడమండీ. మీరేటి, కుడిది కట్టీసేరు?”

“రెండూ కట్టీసుకోయే, కాళ్లతో ఆడుదువుగాని,” అంది పక్కపిల్ల.

బంతి ఆ రైతు కూతురి ఎడమచేతిలో పడ్డాక మాత్రం ఎవరూ నవ్వలేదు. పుట్టుకతో వచ్చిన ఎడమచేతివాటం. బంతి వంక చూడకుండానే కొట్టుకుంటూ పోయేది. ఎడమవైపు నుంచి రెండడుగులు వేసి రింగుకేసి లేచిందంటే, నేను సరిదిద్దడానికి ఏమీ మిగిలేది కాదు. ఏ పిల్ల గురించీ అలా అనడం నాకు అలవాటు లేదు.

యలమంచిలి పోటీల్లో గెలిచాం. జిల్లా జట్టుకు మా బడి నుంచి ఆ పిల్ల ఒక్కతే ఎంపికైంది. ఆ రోజే తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చాడు. వేదిక మీద ముఖ్య అతిథి కప్పు అందించారు. ఆట వేడి ఇంకా దిగని పిల్ల, పాస్ అందుకున్నట్టే ఎడమచెయ్యి చాచి పుచ్చుకుంది. ముందు వరసలో పెద్దలు మొహాలు చిట్లించారు.

తండ్రి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“ఏటండీ మేడంగారూ, అంత పెద్దాయన ఇత్తంటే ఎడంసేత్తో లాక్కుంతాదా? నా తల తీసీసినట్టయిపోనాది.”

“కావాలని కాదండీ, అలవాటులో...”

“మేం మానిపించిన అలవాటండి అది. మీరు మళ్లీ తెచ్చేరు. ఇంక సాల్లెండి. బేగి రాయే, బస్సెళ్లిపోద్ది.”

పిల్ల కప్పును నా చేతుల్లో పెట్టింది, ఈసారి కుడిచేత్తో.

సోమవారం బడికి వచ్చింది గాని కోర్టుకు రాలేదు. నేను వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. చల్లటి మజ్జిగ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు, పిల్లను మాత్రం పంపలేదు. జిల్లా జట్టులో ఆమె చోటు వేరే బడి పిల్లకు వెళ్లింది.

2005లో, నేను రిటైరైన ఏడు, బలిఘట్టం గుడి మెట్ల దగ్గర “మేడమండీ!” అంటూ ఆ పిల్లే ఎదురొచ్చింది. ప్రసాదం కొబ్బరిముక్క కుడిచేత్తో నా చేతిలో పెట్టింది. బంతి ఊసు ఇద్దరం ఎత్తలేదు. నా కళ్లు ఆ ఎడమచేతి కోసం వెతికాయి. అది నడుము వెనక్కి మడిచి ఉంది. ఎవరూ కట్టలేదు.