హైమావతి సంతకం

మాచర్ల జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే హైమావతి, కోపమొస్తే కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూనే ఉంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకోగల ఒక సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు చెదిరిపోకుండా సరిచేయడం ఆమెకు ఏళ్ల తరబడి వ్యసనం. పాలవాడు రాకముందే లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. జీతం లేదు, ఆమె అడగనూ లేదు. ఈ ఉదయం మాత్రం అద్దాలు అరిగిపోయేలా తుడుస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే కంపెనీ కొత్త నిబంధన పంపింది. ఆమెలాంటివాళ్లు రాసిన కోడ్ మీద హక్కులన్నీ తమకే రాసిస్తూ సంతకం పెట్టాలట. రేపు దానికి తాళం వేసి అమ్ముకున్నా అడగకూడదట.

"ఏందే, పొద్దున్నే ఆ కోపం?" అంది అత్తగారు రంగనాయకమ్మ.

"మన మిరప చేలోంచి పక్కోళ్ల ట్రాక్టర్ పోనిస్తన్నాం గదత్తయ్యా. పోనిచ్చారు గదా, చేను కూడా రాసియ్యండంటే ఊరుకుంటారా?"

"ఎవడే ఆ అడిగింది? కాళ్లిరగ్గొడతా!"

హైమావతి కళ్లజోడు పెట్టుకుంది. "వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి. హక్కు మాత్రం నాదే" అని కంపెనీకి రాసి పంపింది. "ఇది మామూలే, మిగతావాళ్లంతా సంతకం పెట్టేశారు" అని సాయంత్రానికి జవాబొచ్చింది. ఈసారి కళ్లజోడు తీయలేదు. ఎవరైనా వాడుకొని మార్చుకోవచ్చన్న పాత లైసెన్సు అందరికీ ఇచ్చిన హక్కుతోనే మొత్తం సాఫ్ట్‌వేర్‌కు నకలు తీసి, ఇంటర్నెట్‌లో తన పేజీలో అందరికీ తెరిచి పెట్టింది. దాని పైన మొదటి వాక్యం: "ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏదీ రాసివ్వనక్కర్లేదు."