మా ఆయన బాగుచేసిన ఎయిర్‌గన్

మా ఆయనకు ఏ వస్తువునూ దాని మానాన దాన్ని ఉండనిచ్చే గుణం లేదు. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా వేగంగా ఎందుకు తిరగదని విప్పుతాడు. రేడియో పలుకుతుంటే ఇంకా బాగా పలకాలని విప్పుతాడు. విప్పినవాటిలో సగమే మళ్లీ బిగిస్తాడు. అన్నీ భరించాను గానీ, ఎయిర్‌గన్ సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్లో మాకు అల్మాస్‌గూడ దగ్గర ద్రాక్షతోట ఉండేది. చుట్టుపక్కల అందరూ పొలాలు అమ్మేశారు. పందిరి కింద నుంచి బయటికొస్తే ఎటు చూసినా సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్లే. ప్లాట్ల వ్యాపారి ఒకాయన మాటిమాటికీ వచ్చి మా మామతో కూర్చుని చాయ్ తాగి పోయేవాడు. మామకు అమ్మాలని లేదు. అలాగని వరుసగా పంటలు దెబ్బతిన్నాక ఉంచుకునే ధైర్యమూ లేదు. చివరికి అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"గీ పంట చేతికొస్తే తోట ఉంటది. పిట్టల పాలైతే ఇచ్చేస్త. మళ్ల నన్నెవరు అడగొద్దు."

తోట ఉండాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్నది నేను. నల్లగొండ వైపు, బిందెడు నీళ్లకు పొద్దంతా కాచుకునే ఊళ్లో పుట్టినదాన్ని. కాపురానికొచ్చి ఇక్కడి బావి చూసినప్పుడే ఈ చోటు మీద ప్రాణం పెట్టుకున్నాను. ఆ తీగల్లో నా చేత్తో పందిరికి కట్టినవే ఎక్కువ. వాటి మధ్య రోడ్లు వేస్తారంటే అన్నం సయించేది కాదు.

పిట్టల్ని బెదిరించడానికి ఇంట్లో ఒక పాత ఎయిర్‌గన్ ఉండేది. తోటలో పిట్టను చంపకూడదని మా అత్తమ్మ పట్టు. పిట్ట చచ్చిన చోట కాసిన పండు నోట పెట్టనని ఒట్టు పెట్టుకుంది. అందుకని మేమెప్పుడూ అందులో గుండు పెట్టలేదు. గొట్టం వంచి, మళ్లీ సరిచేసి, ఖాళీగానే పేల్చేవాళ్లం. లోపలి సామాను అంతా వదులైపోయి, పేలిస్తే రేకుడబ్బా మెట్ల మీద దొర్లినంత చప్పుడయ్యేది. చిలుకలు, గోరింకలు గుంపులుగా లేచి పోయేవి. మాకు కావలసింది అంతే.

కాయలోకి రసం దిగుతున్న రోజుల్లో మా ఆయన దాన్ని విప్పి పేపరు మీద పరిచాడు.

"ఏందయ్యా గిది? పిట్టలొచ్చే యాళ్లకు విప్పితివి?" అన్నాను.

"లోపల వాషర్ మొత్తం పోయింది. గుండు పెడితే పది గజాలు గూడ పోతలేదు."

"గుండు ఎవరు పెడుతున్నరు?"

"పెడితే అని చెప్తున్న గదా!"

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూటర్ మెకానిక్ షాపులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కూరగాయలు మర్చిపోయేవాడు గానీ, తుపాకికి ఏదో ఒక సామాను తేవడం మర్చిపోయేవాడు కాదు. ఒకనాడు కొత్త స్ప్రింగు. అది పొడుగైందని మరునాడు ఇంకొకటి. చెప్పులు కుట్టే ఆయనతో మందపాటి తోలు కోయించి వాషరు చేయించాడు. దాన్ని నా గిన్నెలో, నా నూనెలోనే నానబెట్టాడు. స్ప్రింగు మోగకూడదని దాని చుట్టూ ఏదో పట్టీ చుట్టి, గ్రీజు దట్టించాడు.

భుజానికి ఆనించే కర్ర మడమ పాతబడిందన్నాడు. పక్క ప్లాటులో ఇల్లు కట్టుకుంటున్న కోస్తా మాస్టారు దర్వాజాల్లో మిగిలిన టేకు ముక్క ఇచ్చాడు. దాన్ని చెక్కడం, గరుకు కాగితంతో రుద్దడం, పాలిష్ పెట్టడం. ఆ మాస్టారు రోజూ వచ్చి చూసి మురిసిపోయేవాడు.

"మీ ఆయన చేతిలో పనితనం ఉందమ్మా. ఇలాంటివాళ్లు లక్షకొకరుంటారు."

"అట్లయితే ఈయన్ని మీరు తీస్కపొండ్రి సార్. ఆ లక్షల మిగిలినోళ్లల్ల ఎవల్నన్న ఒకల్ని మాకియ్యుండ్రి," అన్నాను.

మాస్టారు నవ్వాడు. నేను నవ్వలేదు.

ఈలోపు నేనూ అత్తమ్మా డబ్బాలు కొట్టుకుంటూ పందిళ్ల కింద పరుగులు. ఈ కొసన అరిస్తే పిట్టలు ఆ కొసకు పోయేవి. ఆ కొసకు పోయేసరికి మళ్లీ ఇక్కడ. మా గొంతులు బొంగురుపోయాయి. గుత్తుల్లో చిలుకలు కొరికిన కాయలకు చీమలు పట్టాయి.

చివరికి తుపాకి తయారైంది. బావి అవతలి గట్టు మీద అగ్గిపెట్టె నిలబెట్టి, గుండు పెట్టి కొట్టాడు. అగ్గిపెట్టె ఎగిరిపడింది.

"చూసినవా? లోపల మోగుడే లేదు. వెన్న లెక్క పోతది!" అన్నాడు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే తోటలో చిలుకలు దిగితే తుపాకి అందుకున్నాను. మా ఆయన నోట్లో పళ్లపుల్లతోనే ఉరికొచ్చాడు.

"ఖాళీగ పేల్చకు! కొత్త వాషర్ పోతది!"

"మరి గుండు పెట్టాల్నా?"

"పెడితే పిట్ట చస్తది గదా. అమ్మ ఊకుంటదా?"

"మరి దీన్ని ఏం జేస్కోవాలె?"

"జర ఆగు, ఆలోచిస్త."

ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు. చిలుకలు ఆగలేదు. తుపాకి మాత్రం గుడ్డలో చుట్టుకుని గోడకు పదిలంగా వేలాడింది. దాన్ని బావిలో పారేయాలన్నంత కోపం వచ్చేది నాకు.

కోత దగ్గరపడ్డ ఒక పొద్దున మామ తోటంతా తిరిగొచ్చాడు. గుడ్డ విప్పి తుపాకి తీసుకుని వాకిట్లోకొచ్చాడు. పందిరి మీద చిలుకలు కిక్కిరిసి ఉన్నాయి.

"నాయినా, ఖాళీగ పేల్చకు," అంటూ మా ఆయన వెంటపడ్డాడు.

మామ పేల్చాడు. తలుపు గొళ్లెం పడ్డంత చప్పుడైంది. ఒక చిలుక తలెత్తి మా వైపు చూసి, మళ్లీ గుత్తి మీదికి వంగింది. మిగతావి అదీ చేయలేదు.

"మంచిగ చేసినవ్ కొడకా," అన్నాడు మామ. ఆ గొంతులో వెటకారం కూడా లేదు. తుపాకి కొడుకు చేతిలో పెట్టి, రుమాలు భుజాన వేసుకుని, ప్లాట్ల వ్యాపారి ఇంటి దారి పట్టాడు. నేను అరుగు మీద కూలబడ్డాను.

మా ఆయన గొట్టం వంచి, ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ వంచి చూశాడు.

"వాషర్‌కేం కాలేదు," అన్నాడు. అప్పుడు తలెత్తి అడిగాడు, "నాయిన ఎటు పోతుండు?"