తేరని నూనె

భీమడోలులో వరదానం నోటికన్నా చెయ్యి ముందు లేచే మనిషి. పదకొండేళ్లు నూనె శుద్ధి ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ కాస్టిక్ సోడా పైపు పగిలి ఎడమ చెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ కోపమంతా మూటగట్టుకొచ్చి ఊళ్లో కరెంటు గానుగ పెట్టాడు.

"సోడాతో కడిగి, మట్టితో రంగు లాగేసి, ఆవిరితో వాసన చంపేస్తారండీ. ఇంక మిగిలేది శవమే!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పక్క కొట్టు భాస్కరరావు ఒకసారి "వేపుళ్లకి రిఫైన్డే మంచిదండీ, వేడికి ఆగుతుంది" అన్నందుకు, అతని నూనె డబ్బాను తన్ని నడిబజారులో పారబోశాడు.

స్టేషన్ దగ్గర చేపల వేపుడు బండి నడిపే స్టెల్లా అతనికి కూతురి వరస. ఆమె చేత రిఫైన్డ్ మాన్పించాలని వరదానం పంతం. ఒక శనివారం ఎట్టకేలకు సరేనంది. కాని గానుగ నూనె దిగిన రోజే వాడకూడదు. గింజ ఆడేటప్పుడు చల్లిన నీళ్లు, జిగురు, మడ్డి అడుక్కి దిగేదాకా నాలుగు రోజులు తేరనివ్వాలి. ఇది వరదానానికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా ఆమె మనసు మారుతుందేమోనని అప్పుడే దిగిన నూనె క్యాన్లో పోసిచ్చాడు.

సాయంత్రం మూకుడు పొగలు కక్కింది. చేప ముక్క పడగానే నూనె నురగ కట్టి, పొంగి, పొయ్యిలోకి దూకింది. మంట స్టెల్లా రెండు చేతుల్నీ పట్టుకుంది.

ఆమె తమ్ముడు చంటి గునపంతో గానుగ మీదికి వచ్చాడు. మోటారు పగలగొట్టాడు, డ్రమ్ములు పొడిచాడు. నూనె రోడ్డు మీదికి పారింది. అడ్డొచ్చిన వరదానాన్ని మొహం మీద గుద్దితే రెండు పళ్లు ఊడిపోయాయి.

"నూనెలో ఏం కలిపావురా?"

"నేనా? కల్తీయా?" వరదానం రెండు చేతులా ఇనపరాడ్డు ఎత్తాడు. చంటి తల అందేంత దూరంలోనే ఉంది. కాని ఎత్తిన ఎడమ చేతి మీద పాత మచ్చ కంటపడింది. స్టెల్లా చేతులు ఇప్పుడు ఇలాగే ఉంటాయి కదా అనిపించింది. రాడ్డు వదిలేశాడు.

"ఏమీ కలపలేదురా చంటీ. తియ్యాల్సింది తియ్యలేదు. తేరకుండానే ఇచ్చాను, తెలిసే ఇచ్చాను."

చంటి గునపం తిప్పి వెనక వైపుతో పక్కటెముకల మీద కొట్టాడు. రెండో దెబ్బకి ఏదో విరిగిన చప్పుడైంది. మూడో దెబ్బ పడకుండా చంటి చెయ్యి పట్టుకున్నది భాస్కరరావు.

మూడు నెలలకి, కొత్త మోటారుతో మళ్లీ ఆడుతున్న గానుగకి స్టెల్లా వచ్చింది. మోచేతులదాకా చర్మం ముడుచుకుపోయి ఉంది.

"పులుసులోకి అరలీటరు ఇవ్వండి, బాబాయ్ గారూ. వేపుడుకి భాస్కరరావు గారి కొట్లో తీసుకున్నాను."

"వేపుళ్లకి అదే మేలమ్మా," అన్నాడు వరదానం. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

"ఇది ఎన్నాళ్లు తేరిందండీ?"

"పది రోజులు."

ఆమె సీసా అందుకుంది గాని మూత తిప్పడానికి వేళ్లు ముడుచుకోలేదు. వరదానమే మూత బిగించి ఇచ్చాడు. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, గానుగ ఆపేసి, ఏడ్చాడు.