పసుపు రాసిన బేరింగు

మే నెల వచ్చిందంటే హామిల్టన్‌లో ఇంటింటి ముందూ కోసిన గడ్డి వాసన వేస్తుంది. ఆ వారం మా గరాజ్‌లో మాత్రం ముదిరిపోయిన గ్రీజు వాసన, కిరసనాయిలు వాసన, వాటి మధ్య మోచేతుల దాకా మడ్డి పూసుకుని నేను. పక్కింటి ఐలీన్ ఆంటీ వాళ్లాయన ఎండాకాలం గడ్డి కోసిన, చలికాలం వీధి వీధంతటికీ మంచు తోసిపెట్టిన పాత గార్డెన్ ట్రాక్టర్ అది. ఆయన పోయాక షెడ్‌లో పడుండి, ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయింది. ఆవిడ ఇల్లమ్మేసి లండన్‌లో, అదే మా ఒంటారియో లండన్‌లో, కూతురి దగ్గరకు వెళుతోంది. శనివారం స్క్రాప్ లారీ వస్తుంది, ఈలోపు కదిలించగలిగితే బండి నీదే అంది. అంటూ దాని బానెట్‌ని చేత్తో నిమిరింది. అది చూశాక నా వల్ల కాదనడానికి నాకు నోరు రాలేదు.

మా ఆయనది కరీంనగర్. "పాత ట్రాక్టర్‌కి పార్ట్స్ ఏడ దొరుకుతయి? స్క్రాప్‌కి పోనియ్యి" అని ఫోన్లోంచి తలెత్తకుండా తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. చూస్తే ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఆన్‌లైన్‌లో మోడల్ కొడితే దొరకదన్న మాటే వస్తోంది. పంతం కొద్దీ ఇరుసును టేపుతో కొలిచి మిల్లీమీటర్లలో బేరింగులు ఆర్డర్ పెట్టాను. వచ్చినవి కొత్తకోడలి చేతికి అత్తగారి గాజుల్లా వదులుగా ఆడాయి. ఆ బండి అంగుళాల కాలం నాటిదని అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. చక్రానికి రెండు చొప్పున ముందు చక్రాల నుంచి ఊడదీసిన పాత బేరింగుల మీద నంబరు చూద్దామంటే నాలుగింటి మీదా తుప్పు తప్ప ఏమీ లేదు.

వాటిని కిరసనాయిల్లో ముంచి తోముతుంటే ఆ వాసన నన్ను సరాసరి బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్‌లో దించింది. నాన్నది లారీ చక్రాల పని. రోహిణి కార్తె ఎండకు తారు కరిగి చెప్పులకంటుకునే రోడ్డు, వెల్డింగు మెరుపు చూడొద్దని అరిచే పెద్దవాళ్లు, రేకుల కప్పు కింద ఉడికిపోయే మధ్యాహ్నాలు, రంపపు పొట్టుతో రుద్దుకుని సబ్బుతో కడుక్కున్నా అన్నం కలిపే వేళ్ల సందుల్లో మిగిలిపోయే నలుపు, ఇదీ మా లోకం. అరిగిపోయిన బేరింగులు పెద్దవాళ్లకు చెత్త, మాకు బంగారం. చెక్కకు వెనక రెండు, ముందు ఒకటి బిగిస్తే బేరింగు బండి అయ్యేది. కాలవ గట్టు వాలు మీద గరగరలాడుతూ దిగుతుంటే కుక్కలు కూడా తప్పుకునేవి. అయితే లారీదో సైజు, ఆటోదో సైజు. నాకూ మా అన్న చంటికీ ఒకే సైజువి ఎన్నడూ జతపడలేదు. మా బండి ఎప్పుడూ ఒరిగిపోయి కాలవ వైపే లాగేది, ఇంటికెళితే తిట్లు మామూలే.

దసరాకి షెడ్డంతా కడిగి పానాలు, జాకీలు, బేరింగులు వరసగా పేర్చేవారు. అమ్మ అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టేది. బూడిద గుమ్మడికాయ కొట్టి, లారీల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. పులిహోర, శనగలు తిన్న చేతులకు గ్రీజు వాసనా ఇంగువ వాసనా కలిసి వచ్చేవి. మర్నాడు పసుపు తుడిచే పని పిల్లలది. ఎంత తుడిచినా గాట్లలో పసుపు నిలిచి, అరిగిపోయిన నంబర్లు పచ్చగా పైకి తేలేవి. అందుకే నంబరు కనపడని బేరింగు వస్తే నాన్న ఏ కాలమైనా సరే అమ్మ పసుపు డబ్బా తెప్పించేవాడు. "దాని పేరు అదే చెబుద్దే. ముందు మొహం కడిగి పసుపు రాయి" అనేవాడు.

బ్రష్ అక్కడే పడేసి పసుపు డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తాను. మూడింటి మీద ఏమీ తేలలేదు. నాలుగోదాన్ని తుడిచేసరికి నంబరు పచ్చగా కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. స్టీల్ మిల్లుల వైపున్న చిన్న బేరింగుల కొట్టుకు పట్టుకెళితే, కౌంటర్లో పెద్దాయన ఈ రంగేమిటని అడిగాడు. కూరలో వేసేదన్నాను. ఆయన మరో ప్రశ్న వెయ్యకుండా లోపలికెళ్లి కొత్తవి నాలుగు తెచ్చిపెట్టాడు.

శనివారం పొద్దున్నే, స్క్రాప్‌కి పొమ్మన్న మా ఆయనే జాకీ పట్టాడు. చక్రాలు బిగించి, వాటి కింద నిమ్మకాయలు పెట్టి, సీటు మీద ఐలీన్ ఆంటీని కూర్చోబెట్టాను. ఇద్దరం వెనక నుంచి తోస్తే బండి కదిలింది, నిమ్మకాయలు చితికాయి, ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. స్క్రాప్ లారీ ఉత్తచేతులతో పోయింది. వెళ్లే ముందు ఆవిడ పాత బేరింగు ఒకటి అడిగింది. బాగా ఉన్నది ఇవ్వబోతే వద్దని, బిగుసుకుపోయినదాన్నే ఏరుకుంది.

"ఆయనతో తిరిగి తిరిగి ఆగిపోయింది ఇదేగా" అని పర్సులో వేసుకుంది.

నాన్న ఇప్పుడు లేడు. షెడ్డున్న చోట ఏదో షోరూము వచ్చిందట. గట్టు మీద బేరింగు బండి చప్పుడు విని ఎన్నేళ్లయిందో అని చంటి ఫోన్లో అన్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి, మా అమ్మాయి మిగిలిన పాత బేరింగుల్ని వేలికి తగిలించి గరగరా తిప్పుతోంది.

"మామ్, ఆర్ దీజ్ గార్బేజ్?"

హామిల్టన్‌లో వాలుకేం కొదవ, మా వీధే పెద్ద వాలు. గరాజ్‌లో మంచి చెక్క ఉందేమో చూసి రమ్మన్నాను. మిగిలినవి మూడు. మూడూ ఒకే సైజు.