నర్సమ్మ వేయించిన బల్ల

మా దవాఖాన నర్సమ్మ పోయింది. స్టేషన్ ఘన్‌పూర్ బస్సులో నేనుండగా అక్క ఫోన్ చేసి చెప్పి ఏడ్చింది. గర్భిణులకు పరీక్షల సంగతి విడమరిచి చెప్పడం నర్సమ్మ పని. కోపిష్టిదని పేరు. అననివ్వండి.

పోయినేడు అక్క మూడో నెల రక్తపరీక్షలో, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎక్కువని వచ్చింది. "తీపిచ్చుకుంటే అయిపాయె" అంది అక్క అత్త. బావ తల్లికే వంత పాడాడు. హక్కుల కరపత్రాలు చదివి లోకాన్ని సరిచేయడానికి బయలుదేరినవాణ్ని, నేను ఊరుకుంటానా? నర్సమ్మ గదిలోనే అరిచాను.

"అక్కా, ఇంక దేనికీ సంతకం పెట్టకు! పుట్టే హక్కు బిడ్డది!"

"నువ్వెవలు?" అంది నర్సమ్మ.

"తమ్ముణ్ని."

"కడుపు నీదా?"

"కాదు."

"మరి గంత లొల్లెందుకు? ముగ్గురు బయటికి నడువుండ్రి."

"నేను మా అక్క దిక్కే మాట్లాడుతున్న!"

"ఆమెకు నోరున్నది, నాయినా."

బయట గోడవారన ఒక బల్ల. మాలాంటివాళ్ల కోసమే ఆమె వేయించింది. అంతదాకా కొట్లాడుకున్న ముగ్గురం మోకాళ్లు తగులుతుండగా దాని మీద కూర్చున్నాం. కోపంతో మండిపోతూ సంచిలోని కరపత్రాలు మళ్లీ తీశాను. వాటిలో ఎక్కడా అక్కను అడగమని లేదు.

లోపల జరిగింది తర్వాత అక్క చెప్పింది. "ఈ కాయితం అనుమానమే చెప్తది బిడ్డా, ఉన్నదని చెప్పదు. గట్టిగ తెలువాలంటే కడుపుల నీళ్లు తీసి చూస్తరు. దాంతోని కడుపు పోయే భయం జర ఉంటది. చేయించుకోకున్నా తప్పు లేదు." అలాంటి పిల్లలు ఆలస్యంగా నడుస్తారనీ, కొందరికి గుండెజబ్బు ఉంటుందనీ, బడికి పోతారనీ, అలుగుతారనీ కూడా చెప్పిందట. భయపెట్టలేదు, ఆశపెట్టలేదు. చివరికి "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అందట. తప్పు చెబితే మళ్లీ మొదటినుంచి. అక్క సరిగ్గా చెప్పాకే నర్సమ్మ సంతకానికని తన కొప్పులోంచి పెన్ను తీసింది. కొత్తగూడ అడవి పల్లె నుంచి వచ్చినా, టౌను దుకాణదారు కోడలైనా ఆమె దగ్గర అదే వరస.

అక్క ఏం నిర్ణయించుకుందో ఇక్కడ రాయను. అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: కడుపు మీదా?

నిన్న దవాఖానకు పోయాను. ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది. కొత్త నర్సు ఎదుట కూర్చున్న ఒక గర్భిణి చుట్టూ చుట్టాలు నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. గర్భిణి చేతిలో పరీక్ష కాగితం నలుగుతోంది. బయట బల్ల ఖాళీ. ఒక చివరకు జరిగి కూర్చుని గట్టిగా పిలిచాను.

"పెద్దమనుషులూ, గిటు రాండ్రి! జాగ మస్తున్నది."

ముందు వాళ్లలో ఒక ముసలామె నన్ను తిట్టుకుంటూ వచ్చి కూర్చుంది. బల్ల కిర్రుమంది. తర్వాత మిగిలినవాళ్లు. లోపలి నుంచి సన్నగా ఒక గొంతు మొదలైంది, ఆ గర్భిణిదే.