ఎవ్వలు రాలేదన్న మా మేస్త్రీ

మా మేస్త్రీ పోయారు. పొద్దున స్టోర్‌లో సిమెంటు బస్తాలు దింపించుకుంటుంటే కంపెనీ డ్రైవర్ హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. లారీవాణ్ని కాసేపు ఆగమని ఆ బస్తాల మీదే కూలబడ్డాను. నిజం చెప్పాలంటే ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. లివర్ పాడైపోయిన మనిషి, కళ్లు పసుపుపచ్చగా మారేదాకా “ఏం లేదు సారూ, ఎండ దెబ్బ” అంటూ డ్యూటీ చేశారు. ఇంట్లో భార్యకు చెప్పలేదు. పక్క మంచం మీద పడుకునే నాకూ చెప్పలేదు.

ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది కాకినాడ. ఒమన్‌లోని అల్ అమెరాత్‌లో ఒకే కంపెనీ, ఒకే రూమ్. ఆయన తాపీ మేస్త్రీ, నేను స్టోర్ కీపర్ని. నా కూరలో పులుపెక్కువని ఆయన, ఆయన కూరలో కారమెక్కువని నేను దెబ్బలాడుకుని, చివరికి గిన్నెలు మార్చుకుని తినేవాళ్లం. నా కోపం ఆయనకు భలే తమాషా. నేను సప్లయర్ మీద అరుస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, అరవడం అయిపోయాక “ఇగ నీళ్లు తాగు సారూ” అని సీసా అందించేవారు.

ఇంటికి వీడియో కాల్ చేసేముందు ఆయన చేసే హడావిడి చూసి తీరాలి. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, సైట్‌లో కొత్తగా రంగు వేసిన గోడ ఎక్కడుందో వెతికి దాని ముందు నిలబడేవారు. రూమ్‌లో ఏసీ చెడిపోయి అందరం ఉడికిపోతున్నా, ఫోన్‌లో మాత్రం “సల్లగున్నది, మంచిగున్నం” అనేవారు. నేను వెక్కిరిస్తే, “ఈడి చెమట ఆడ కనపడొద్దు సారూ. వాళ్లేం జేస్తరు? కూసోని ఏడుస్తరు, గంతే” అనేవారు. ఈ దేశంలో మేమందరం చేసే పనే అది. కాకపోతే ఆయన ఎంతో నిష్ఠగా చేసేవారు.

ఆ నిష్ఠే ఒకసారి మా రూమ్‌లో ఉండి వెళ్లిన ఎలక్ట్రీషియన్ మెడకు చుట్టుకుంది. అతను సెలవు మీద ఊరెళ్లి, వేరే కులం అమ్మాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి వాళ్లు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు. కనబడితే చంపేస్తామన్నారు, అన్నంత పనీ చేయబోయారు. ఆ అమ్మాయి చదువు వీసా మీద ఆస్ట్రేలియా వెళ్తే, భర్తగా ఇతనూ ఆమెతో వెళ్లాడు. తిరిగి ఊరికి పంపితే ప్రాణాలకు ముప్పని, ఇద్దరూ అక్కడ రక్షణ వీసాకు దరఖాస్తు పెట్టుకున్నారు.

ఈలోగా ఆ అమ్మాయి మేనమామ, ఇక్కడే ఒమన్‌లో సహం అనే ఊళ్లో పని చేసేవాడు, ఇద్దర్ని వెంటేసుకుని మా రూమ్‌కు వచ్చాడు. అందరం డ్యూటీలో ఉన్నాం. జ్వరంతో మేస్త్రీ ఒక్కరే ఉన్నారు. ఎలక్ట్రీషియన్ ఎక్కడున్నాడో తనకు తెలీదని చెప్పి పంపేశారు. వాళ్లు వచ్చారన్న సంగతి ఎలాగో ఆస్ట్రేలియా దాకా పాకింది. అతను బెదిరిపోయి ఫోన్ చేస్తే మేస్త్రీ ఎప్పటిలాగే వాయిస్ మెసేజ్ పెట్టారు. “ఈడికి ఎవ్వలు రాలే బిడ్డా. ఎవ్వలో ఉత్తగనే చెప్పిండ్రు. నువ్వు ఫికర్ చెయ్యకు, నిమ్మళంగ తిని పండుకో.”

ఒమన్‌లో మా దగ్గరే ఉండేవాడినని చూపించడానికి ఎలక్ట్రీషియన్ తన ఫోన్ మెసేజీలన్నీ అక్కడి వీసా అధికారికి ఇచ్చాడు. అందులో ఇదీ ఉంది. మీ కోసం మనుషులు వచ్చారంటున్నారు, మీ మేస్త్రీయేమో ఎవరూ రాలేదంటున్నాడు కదా అని అధికారి పట్టుకున్నాడు. సంగతి తెలిసిన రోజు మేస్త్రీ అన్నం ముట్టలేదు. “పోరన్ని నిమ్మళపరుద్దామనుకున్న. నా నోటితోనే వాని పీక మీదికి తెచ్చిన” అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. తర్వాత నా ఫోన్ తీసుకుని, వాళ్లు వచ్చిన మాట నిజమనీ, తాను అబద్ధం ఎందుకు చెప్పారో కూడా రికార్డు చేసి అక్కడ ఎలక్ట్రీషియన్ తరఫు లాయరమ్మకు పంపించారు. ఆమె దాన్ని ఇంగ్లీషు చేయించి ఇచ్చింది. అయినా దరఖాస్తు కొట్టేశారు. తీర్పంతా వెతికినా మేస్త్రీ పంపిన రెండో మాట ప్రస్తావనే లేదు.

ఇక మిగిలింది కోర్టు. లాయరమ్మ తెలుగావిడే, ఫోన్‌లో మేస్త్రీకి వివరంగా చెప్పింది. “బాబాయ్ గారూ, కోర్టు వీసా ఇవ్వదండి. ఎవరు చెప్పింది నిజమో కూడా తేల్చదు. ముందున్న సాక్ష్యాన్ని ఆ అధికారి పట్టించుకున్నాడా లేదా, అంతవరకే చూస్తుంది.” ఇదేం న్యాయమని నాకు మండిపోయింది. మేస్త్రీ మాత్రం, “ఇన్నడా లేదా అని సూస్తరా? గది జాలమ్మా” అన్నారు. ఆయనన్నదే నిజమైంది. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టడం తప్పని కోర్టు తేల్చింది. కేసు మళ్లీ మొదట్నుంచి వినమంది.

రెండోసారి విచారణలో మేస్త్రీ మా స్టోర్‌లోంచి వీడియోలో మాట్లాడారు. పక్కన నేను అటూ ఇటూ కదులుతున్నా ఆయన కుదురుగానే ఉన్నారు. అప్పుడు అబద్ధం చెప్పినవారు ఇప్పుడు నిజం చెబుతున్నారని ఎలా నమ్మాలని కొత్త అధికారి అడిగింది.

“అప్పుడు వాడు నిద్రపోవాలని చెప్పిన మేడమ్. ఇప్పుడు వాడు బతకాలని చెప్తున్న” అన్నారు మేస్త్రీ. తర్వాత అడక్కుండానే ఇంకోటి చెప్పారు. “ఆ మామకు చాయ్ పోసిచ్చిన. ముట్టలే. పోరడు ఈడున్నప్పుడు తాగిన గిలాస అని తెల్వంగనే కింద పెట్టిండు. వాడు తాగిన గిలాసనే ముట్టనోళ్లు వాణ్ని అల్లుడని బతకనిస్తరా?” దుబాసీ అది ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం సమయం తీసుకున్నాడు. ఆవిడ రాసుకుంది.

ఆ నిర్ణయం వచ్చేలోపు మేస్త్రీ మంచం పట్టారు. పోవడానికి రెండు రోజుల ముందు ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు, మాట రావడం లేదు. భార్య ఫోన్ తీసుకుని, “వీసా ఇచ్చారన్నా” అంది. నేను ఉన్నపళంగా హాస్పిటల్‌కు వెళ్లాను.

“మేస్త్రీ, వాళ్లకు వీసా వచ్చింది. ఇక వాళ్లను ఎవరూ వెనక్కి పంపరు” అన్నాను.

ఆయన కళ్లు తెరిచి చాలాసేపు నా మొహంలోకి చూశారు. “నిజంగనేనా సారూ?”

“నిజం. ఒట్టు.”

ఆ చూపు నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన ఇంటికి చెప్పిన “సల్లగున్నది” లాంటి మాటే నేనూ చెబుతున్నానని ఆయన అనుమానం. వెంటనే ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాను. “వచ్చింది కాకా! నీ మాటే నమ్మిండ్రు” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“మంచిది బిడ్డా. పిల్లను మంచిగ సూస్కో” అన్నారు మేస్త్రీ.

ఫోన్ పెట్టేశాక ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, ఓదారుస్తున్నట్టు రెండుసార్లు తట్టారు. “మంచిగ చెప్పిండ్రు, ఇద్దరు” అని కళ్లు మూసుకున్నారు.